అంచున పెట్టిన దుంపలు

లితియా నా భార్య. ఇరవై ఎనిమిదేళ్లు ఒకే చేమ పరిశోధన తోటలో పక్కపక్కనే పనిచేశాం. ఆ ఇరవై ఎనిమిదేళ్లూ ఆమె అంటే నాకు కళ్లమంట. ప్రేమ లేదనుకునేరు, ఉంది, బోలెడంత. రెండూ ఉండేవి.

నేను న్యూజిలాండులో చదివి పట్టా తెచ్చుకున్నవాణ్ణి. ఆమె ఇక్కడే మా ఉపోలు దీవిలో చదువుకుని నాకు సహాయకురాలిగా చేరింది. తొంభై మూడులో ఆకు తెగులు వచ్చి మా సమోవాలో చేమ తోటలన్నీ మాడిపోయాయి. దుంప లేని ఆదివారం భోజనం మాకు భోజనమే కాదు. తెగులును తట్టుకునే కొత్త రకం పుట్టించే పని మా ఇద్దరి నెత్తిన పడింది. తెల్లవారుతూనే పువ్వులు విప్పి, ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్కకు అద్దేవాళ్లం. నేను అద్దితే పదింట మూడు గింజ కట్టేవి, ఆమె అద్దితే ఎనిమిది. "నీ చెయ్యి మంచిదే" అని పైకి అనేవాణ్ణి. లోపల కుతకుతలాడిపోయేవాణ్ణి.

పెళ్లయ్యాక ఆ మంట తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. రైతులు మా ఇంటికొచ్చి, వరండాలో నేను కూర్చునే ఉన్నా, "లితియా లేదా?" అని నన్నే అడిగేవారు. మా అమ్మాయి తలితాకు మొదట వచ్చిన మాట కూడా అమ్మే. దానికీ ఉడుక్కున్నాను, నేనేం మనిషినో చూడండి.

ఆరేళ్లకు రెండు రకాలు మిగిలాయి. నాది పద్నాలుగో నంబరు, ఆమెది ముప్పై ఒకటి. రైతులు తిని ఏది మెచ్చితే అది ఊళ్లకు వెళుతుంది, రెండోదాన్ని పీకేస్తారు. రైతులు రుచి చూసే ముందురోజు ఆమె దుంప ఒకటి ఉడికించుకుని తిన్నాను. నాదానికన్నా బాగుంది. ఒప్పుకోక తప్పదు, చాలా బాగుంది.

మా దగ్గర కాల్చిన రాళ్ల పొయ్యి మగవాళ్ల పని. ఆ రోజు పొయ్యి పేర్చింది నేనే. నా దుంపలు నడిమధ్య ఎర్రటి రాళ్ల మీద పెట్టాను. ఆమెవి అంచున, రాళ్లు త్వరగా చల్లారే చోట పెట్టాను. పైన అరిటాకులు కప్పేశాక ఎవరికి తెలుస్తుంది?

ఉడకని చేమ ఊరుకుంటుందా? పెద్ద రైతు ఇయెరెమియా ఒక ముక్క నోట్లో వేసుకున్నాడో లేదో, గొంతు పట్టుకుని లేచాడు.

"ఓలమ్మో! లితియా, ఇది దుంపా, గొంగళిపురుగా? గొంతులో పాకుతోందే తల్లీ!"

"మొగుడి మీద కోపం మామీద తీర్చుకుంటున్నావా ఏంటి?" అని ఇంకెవరో అన్నారు.

అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. లితియా మిగిలిన దుంపలు ఒకటొకటే కోసి చూసి, "అవును, దురదే" అని ఊరుకుంది. సోమవారం ఆమె వరుసలన్నీ పీకేశారు, ఒక్క మొక్క మిగల్లేదు. నా నంబరు దీవంతా పాకింది.

ఆమె మళ్లీ కొత్త రకం జోలికి పోలేదు. "నీ మొక్కలకు కలుపు తీస్తాలే" అంది. తీసింది కూడా, ఏళ్ల తరబడి. నాలుగేళ్ల కిందట చక్కెర జబ్బు కిడ్నీలను తినేస్తే ఆమె పోయింది. ఇల్లు బోసిపోయింది. అయినా ఇంటి ముందు ఆమె సమాధి మీద జనం పెట్టే పూలు చూసి, నేను పోతే ఇన్ని వస్తాయా అనుకున్నాను.

పోయిన నెల, పద్నాలుగో నంబరుకు నా పేరు పెడతామని తోటవాళ్లు కబురు చేశారు. తలితా మురిసిపోయి నాకు కొత్త చొక్కా కుట్టడానికి కూర్చుంది. అది చూసి ఉండబట్టలేక జరిగిందంతా చెప్పేశాను. తలితా కుడుతున్న చొక్కా పక్కన పెట్టేసింది.

"అమ్మ ఆరేళ్ల కష్టం ఒక్క పొయ్యిలో తగలేశావా నాన్నా?"

"అవునమ్మా."

"నాకు చెప్తే ఏం లాభం? మామయ్య వాకిట్లోకెళ్లి చాప కప్పుకుని కూర్చో. ఎత్తుతాడో ఎత్తడో ఆయనిష్టం."

అది మా పద్ధతి. తప్పు చేసినవాడు సన్నగా అల్లిన చాప తల మీద కప్పుకుని అవతలివాళ్ల వాకిట్లో కూర్చోవాలి. ఇంటివాళ్లు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఎండలో అలాగే ఉండాలి, ఇక ఆ ఊళ్లో మొహం చూపించలేం. పేరు వద్దని తోటకు కబురు పంపి, తెల్లవారేసరికి లితియా తమ్ముడు సెఫో వాకిట్లో కూర్చున్నాను. చాప కింద ఏమీ కనబడదు. తలితా గుమ్మం దగ్గర నిలబడి జరిగింది చెప్పడం వినిపించింది.

అనుకున్నదానికన్నా చాలా ముందే చాప లేచింది.

"లే బావా, లే" అన్నాడు సెఫో. "ఇదంతా అక్క నాకెప్పుడో చెప్పింది. ఆ రోజు కోసి చూస్తే తనవన్నీ సగమే ఉడికిన అంచు దుంపలేనట. 'మీ బావ ఏదో ఒక రోజు వచ్చి కూర్చుంటాడు, మోకాళ్ల నొప్పులు పాపం, ఎక్కువసేపు కూర్చోబెట్టకు' అంది."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"'అడిగితే మీ బావ పని మానేస్తాడు, అప్పుడు జనం ఏం తింటారు' అంది."

తప్పు ఒప్పుకోవడం ఒక్కటైనా ఆమె సాయం లేకుండా చేస్తున్నాననుకుంటూ వచ్చాను. అక్కడా నాకన్నా ముందే వచ్చి వెళ్లింది. సెఫో చేతులు పట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూనే, చచ్చిపోయిన మనిషి మీద మళ్లీ కుళ్లుకున్నాను.