పసుపు కాగితాల నాటకం

సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలకు ప్రెస్సు నుంచి కరపత్రాల కట్టలు మా ఇంటికి వచ్చాయి. హనుమకొండలో పంచడానికి తెల్లవి, మట్టెవాడకు నీలం, కాజీపేటకు పసుపు. అవి పంతొమ్మిది వందల అరవైల మొదటి ఏళ్లు. మా ఆయన ఒక నాటక సమాజం నడిపేవారు. కుర్చీలు సగం ఖాళీగా ఉండేవి. ఇంకో రెండు నాటకాలు చూస్తాననీ, అప్పటికీ నిండకపోతే హాలు ఇవ్వననీ దాని యజమాని చెప్పేశాడు.

"మన నాటకం ఎవరికి కావాల్నో మనకే తెల్వకపాయె," అన్నారు ఆయన. అందుకే ఈ రంగులు. కరపత్రం తెచ్చినవాళ్లకు ముందు వరసల్లో చోటు. గుమ్మంలో వాటిని తీసుకుంటే జనం ఎటు నుంచి వస్తున్నారో తెలుస్తుంది. తర్వాతి నాటకానికి ప్రచారం రిక్షాను అటే పంపవచ్చు.

నాటకం రోజు ఆడవాళ్ల గుమ్మం దగ్గర నేను కూర్చున్నాను. ఎక్కువగా పసుపువే వచ్చాయి. కాజీపేటవాళ్లకు నాటకమంటే ఇష్టమని నేనూ అనుకున్నాను. అంతలో మట్టెవాడ నుంచి ఒకామె ఉత్తచేతులతో వచ్చింది. పక్కన ఆమె చెల్లెలు.

"కాయితం ఏదక్కా?" అని అడిగాను.

"ఆ నీలందా? చింతపండు పొట్లం కట్టిన. కాజీపేటల మా చెల్లెకు పసుపుది ఇచ్చిండ్రు. లగ్గం పత్రిక లెక్క దేవుని కాడ పెట్టుకున్నది. మాకు అసొంటి పిలుపు లేకపాయె. వాళ్లేమన్న మీ చుట్టాలా?"

"ఊకో అక్కా," అంది చెల్లెలు. "పిలువకున్నా వచ్చినవ్ గద!"

ఇంటికి వచ్చాక ఆయనకు చెప్పాను. ఆయన పసుపు కాగితాల కట్ట చేతిలోకి తీసుకున్నారు.

"అంటే నాటకానికి వచ్చిన్రా, పిలుపుకు వచ్చిన్రా?"

"నాకేం ఎరుక?" అన్నాను.

యజమాని చూస్తానన్న రెండో నాటకానికి కరపత్రాలన్నీ పసుపు కాగితం మీదే వేయించారు. హాలు నిండింది, గోడల వెంట నిలబడ్డారు. చర్చి నుంచి నేరుగా వచ్చిన ఆడవాళ్ల చేతుల్లోనూ పసుపు కాగితాలే. మీకు పసుపు పట్టింపు లేదు గదా, ఎందుకు దాచుకున్నారని వాళ్లలో ఒకామెను అడిగితే, "పక్కింటామె పైలంగ పెట్టుకుంటాంది, నేనూ పెట్టుకున్న," అంది. హాలు ఇస్తానని యజమాని ఒప్పుకున్నాడు. మా ఆయన మాత్రం తెర సందులోంచి జనాన్ని చూస్తూ, "ఇప్పుడు ఎవరు ఎక్కడోళ్లో ఎట్ల తెలుస్తది?" అన్నారు. సంతోషంగా అన్నారో, బాధతో అన్నారో నాకు అర్థం కాలేదు.

అప్పటి నుంచి ప్రతి నాటకం అయ్యాక ఆయన మనుషులను ఆపి, ఎందుకు వచ్చారో, నాటకం ఎలా ఉందో అడిగేవారు. అందరూ బాగుందనే చెప్పి వెళ్లిపోయేవారు.

ఆయన పోయిన రోజు మా ఇల్లు నిండిపోయింది. చాలామందిని నేనెన్నడూ చూడలేదు. ఎక్కడి నుంచి వచ్చారో, ఎవరు చెబితే వచ్చారో అడగలేదు. నాటకాలు చూసినవాళ్లే అయి ఉండవచ్చు. కాకపోనూ వచ్చు.

ఆ సమాజం ఇప్పుడు లేదు. నాటకం ఉందని ఇంటికి వచ్చి కాగితం ఇచ్చి పిలవడం మా వైపు మానేశారు.