తలకట్టు చివర చుక్క

అందరూ ‘బోర్డులాయన’ అని పిలిచే పెయింటరుకి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఈసారి మాత్రం ఆ కోపంలో న్యాయముంది. మందుల షాపు, బట్టల షాపు, చివరికి మొన్న తెరిచిన ఫోన్ల కొట్టు, అన్నిటి మీదా ఆయన అక్షరాలే. రాసింది మాత్రం ఆయన కాదు. ఎవరో ఆయన పాత బోర్డులకు ఫొటోలు తీసి, అక్షరాలన్నీ ఏరి, ఫాంటుగా చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇప్పుడు బజారంతా ఆయన చేతిరాతే గానీ, ఆయన్ని పనికి పిలిచే నాథుడు లేడు. భార్య పోయాక ఇంట్లో గోడలతో తప్ప మాట్లాడే దిక్కు లేదు. ఇప్పుడు పనీ పోయింది. ఒంటరివాడినయ్యానని మాత్రం చచ్చినా ఒప్పుకోడు.

వకీలుగా పనిచేసే మేనకోడలి దగ్గరికి వెళ్ళాడు.

"తీయించెయ్యమ్మా! నా చెయ్యి నాకు కాకుండా చేస్తారా?"

"అంత సులువు కాదు మావయ్యా. బొమ్మ గీస్తే హక్కుంటుంది. అక్షరం ఆకారం మీద హక్కంటే చట్టం నీళ్ళు నములుతుంది. ఆ చట్టం రాసిననాటికి ఇంటర్నెట్టూ లేదు, ఈ ఫాంట్లూ లేవు. అయినా నోటీసిచ్చి చూద్దాం. ముందు ఆ రాత నీదేనని చూపించాలి. కుంచెతో నాలుగు ముక్కలు రాసివ్వు."

రాసిచ్చాడు. ఆమె ఆ కాగితాన్ని కంప్యూటర్ తెర పక్కన పెట్టి చూసింది. వంపులన్నీ సరిపోయాయి. కానీ తెర మీద ప్రతి తలకట్టు చివరా రంగు చుక్క అద్దినట్టు చిన్న ఉబ్బు ఉంది. కాగితం మీద అది లేదు.

"ఇదేంటి మావయ్యా, ఇది నువ్వు పెట్టేవాడివా?"

బోర్డులాయన తెర మీదికి వంగి ఆ ఉబ్బుని చూశాడు. గీతలు గీసేది ఆయన, లోపల రంగు నింపేది భార్య. చివరికొచ్చేసరికి ఆమె కుంచె ఒక్క క్షణం ఆగేది, అక్కడ రంగు ఉబ్బేది. "మళ్ళీ రంగెక్కువైంది!" అని ఆయన కసిరేవాడు. "దూరానికి కనపడొద్దూ?" అనేది ఆమె. ఏ బోర్డు మూల చూసినా ఉన్నది ఆయన పేరొక్కటే. ఆమె పేరు కూడా వెయ్యాలని ఒక్కనాడూ తోచలేదు. ఇప్పుడు తోచింది.

"అది మీ అత్తయ్య చెయ్యి" అన్నాడు చివరికి.

"అయితే మాత్రమేం, ఆవిడ వారసుడివి నువ్వేగా. తీసెయ్యమని రాయనా?"

"వద్దు. ఉండనీ. ఆ ఫాంటుకి ఆవిడ పేరు పెట్టమని రాయి."

"రాస్తాను. పెడతారన్న నమ్మకం లేదు మావయ్యా."

సాయంత్రం ఇంటికి నడుస్తూ ఫోన్ల కొట్టు ఎదురుగా ఆగాడు. అప్పుడే లైట్లు వేశారు. రోడ్డుకి ఇవతల నుంచి కూడా ఆ ఉబ్బులన్నీ స్పష్టంగా కనపడుతున్నాయి.

"మళ్ళీ రంగెక్కువైంది" అన్నాడు పైకే.

జవాబొస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాడు.