పంతొమ్మిది మంది నిమిరిన పిల్లి

తువాస్‌లో నేను దిగింది ఉదయం ఆరున్నరకి, లారీ వెనక నుంచి. వాన అప్పుడే వెలిసింది. ఇరవై ఏడు డిగ్రీలు, ఉక్క, పెయింటు కంపు. మీరు ఫోన్లలో చూసి మురిసిపోయే సింగపూర్ నాకు రెండేళ్లలో నాలుగు ఆదివారాలు కనిపించింది. మిగతాదంతా ఇనుమే.

ఆర్మీలో పదిహేడేళ్లు చేసి హవల్దారుగా రిటైరయ్యాను. ఆ తర్వాత ఈ ఓడల యార్డు. దీన్ని కూడా పోస్టింగ్ అనే అంటాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.

కిట్: హెల్మెట్, పసుపు జాకెట్, విజిల్, వాకీటాకీ, గ్యాస్ మీటరు, రిజిస్టరు. డ్యూటీ: ఓడ ట్యాంకులోకి దిగే మ్యాన్‌హోల్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం. దిగేవాడి పేరు, టైము రాయాలి. పైకొచ్చాక మళ్లీ టైము రాయాలి. లోపల గాలి పాడైతే విజిల్ కొట్టాలి. వెల్డర్లకి ఇదొక పనిలా కనబడదు. "నీకేందన్నా, హాయిగా కూసుంటవ్" అనేవాడు జగిత్యాల వెల్డరు. కళ్లుండీ చూడ్డం చేతకాని వాడికి కాపలా గురించి ఏం చెబుతాం?

పిల్లి నాకంటే ముందు నుంచే అక్కడ ఉంది. పసుపు చారలది. ఎడమ చెవి కొస కత్తిరించి ఉంది. ఆపరేషన్ చేసి వదిలిన వీధి పిల్లికి అక్కడ అదే గుర్తు. వచ్చి నా బూటుకి ఒళ్లు రుద్దుకుని, కుర్చీ కింద పడుకునేది. నేను దాన్ని పిలవలేదు, అది నన్ను వదల్లేదు.

ఒకరోజు జగిత్యాల వెల్డరు దిగబోతూ దాన్ని నిమరడానికి ఆగాడు. సరిగ్గా అప్పుడే నా మీటరు మోగింది. అందర్నీ ఆపాను. కాపాడింది మీటరు, పేరేమో పిల్లికి వచ్చింది! మర్నాటి నుంచి పంతొమ్మిది మందీ దిగే ముందు దాన్ని ముట్టుకోవడం మొదలెట్టారు. ఊళ్లో పిల్లి ఎదురొస్తే ఇంట్లోకెళ్లి మంచినీళ్లు తాగి కాసేపు కూర్చుని గానీ బయల్దేరని జనం వీళ్లు. ఓడ దగ్గరికి వచ్చేసరికి అదే పిల్లి దేవతైపోయింది. పైకొచ్చాక కూడా ముట్టుకోవాలట, లేకపోతే లెక్క సరిపోదట. రోజుకి నాలుగుసార్లు దిగడం, నాలుగుసార్లు ఎక్కడం. పంతొమ్మిది మంది. నూట యాభై రెండు సార్లు. మిమ్మల్ని ఎవరైనా రోజుకి అన్నిసార్లు నిమిరితే ఏం చేస్తారు?

నాకు చూడ్డమే పని కాబట్టి చూశాను. మొదటి అయిదారుగురికి అది గుర్రుగుర్రుమనేది, తల ఎత్తి చేతికి ఆనించేది. పదో వాడికి తోక కొస టపటపలాడేది. ఆ తర్వాత వీపు మీద చర్మం జలదరించేది. తర్వాత చెవులు పక్కకి వాలేవి. అప్పటికీ చెయ్యి తియ్యకపోతే తల తిప్పి ఆ చేతికేసి చూసేది. నాలుగు హెచ్చరికలు. సెంట్రీకి మేం కూడా అంతకంటే నేర్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఒకటీ పది. పదిహేడో వాడు జగిత్యాల వెల్డరు. అన్నం తిన్న హుషారులో రెండు చేతులతో మెడ నుంచి తోక దాకా రుద్దాడు. తోక కొట్టుకుంది, చెవులు వాలాయి. వీడు రుద్దుతూనే ఉన్నాడు. బొటనవేలి మొదట్లో దిగాయి కోరలు.

"దీనికి పిచ్చి లేసింది! ఇప్పుడే కాళ్లకు రాసుకున్నది, ఇప్పుడే కరిసింది!"

"తోక చూసేవా?" అన్నాను.

"తోకేందన్నా? నేను ముద్దు చేసిన!"

"నీ ముద్దు దానికి అక్కర్లేదని చెప్పింది. నీకు తలకెక్కితే కదా."

వాకీటాకీలో చెప్పాను. "మ్యాన్‌హోల్ నాలుగు. ఒకరికి గాయం. పిల్లి కరిచింది."

ఫోర్‌మన్‌ది పలాస. "ఏటీ? ఏటి కరిచింది?"

"పిల్లి."

"నవ్వులాటగుందేటి నీకు?"

బుధవారానికి వెల్డరు చెయ్యి బూరెలా పొంగింది. ఆసుపత్రి, ఇంజెక్షన్లు, మూడు రోజులు సెలవు. అప్పుడు దిగాడు సేఫ్టీ ఆఫీసరు, స్థానికుడు, మాట చివర 'లా' తగిలించే అక్కడి ఇంగ్లీషు. బూట్ల మీద దుమ్ము చుక్క లేదు. ఒక్కసారైనా ట్యాంకులోకి దిగిన మొహం కాదు.

"అంకుల్, క్యాట్ మ్యాడ్ ఆల్రెడీ లా. ఫ్రైడే టూ ఓ క్లాక్, కాంట్రాక్టర్ కమింగ్."

జంతువుల్ని పట్టే కాంట్రాక్టరట. పిల్లిని తీసుకెళ్లి ఏం చేస్తారని అడిగాను. నాట్ మై జాబ్ అన్నాడు. కాంట్రాక్టరు పట్టుకెళ్లినవి తిరిగి రావని ఫోర్‌మన్ తర్వాత చెప్పాడు.

పిల్లికి పిచ్చి లేదని రుజువు చేద్దామనుకున్నాను. కుర్చీ చుట్టూ తాడు కట్టి, పిల్లిని ముట్టుకున్నవాడి పేరు రిజిస్టరులో ఎక్కిస్తానని చెప్పాను. బుధవారం మధ్యాహ్నం నుంచి గురువారం నాలుగు గంటల దాకా ఒక్క చెయ్యి పడలేదు. తోక కదల్లేదు, చెవులు వాలలేదు. దాని పక్క నుంచే పద్దెనిమిది మంది నడిచి వెళ్లినా కన్ను కూడా తెరవలేదు. గంట గంటకీ రాసి, రిజిస్టరు పట్టుకెళ్లి ఆఫీసరు ముందు పెట్టాను.

తెరవనైనా లేదు. "అంకుల్, యూ క్యాట్ డాక్టర్ ఆ?" అని నవ్వాడు. "ఇట్ ఓన్లీ కమ్స్ టు యూ. టుమారో యూ పుట్ ఇన్‌సైడ్ ది కేజ్, కెన్?"

"యెస్ సర్" అన్నాను.

ఇక్కడిదాకా వెల్డర్లని తిట్టాను, ఆఫీసర్ని తిట్టాను. ఇప్పుడు నా వంతు. పదిహేడేళ్లు అలవాటైన నోరు. ఆర్డర్ చెవిన పడగానే అదే పలికేసింది. ఆ సాయంత్రం దాన్ని సంచిలో పెట్టుకుని గేటు దాటించి ఉండొచ్చు. జురాంగ్ వెస్ట్‌లో మా లారీ ఆగే చోట రోజూ పిల్లులకి తిండి పెట్టే ఒక ఆంటీ ఉంది, ఆవిడ చేతిలో పెట్టొచ్చు. కుదరదు సర్ అనొచ్చు. ఏదీ చెయ్యలేదు. సిగ్గులేని మొహం వేసుకుని డార్మిటరీకి పోయి అన్నం తిన్నాను, నిద్ర కూడా పట్టింది.

శుక్రవారం రెండుకి అయిదు నిమిషాలు తక్కువ. బోను, అందులో చేప ముక్క. పట్టుకెళ్లే మనిషి మోచేతుల దాకా తోలు గ్లవ్స్ వేసుకుని దూరంగా నిలబడ్డాడు. నేను ఉత్త చేతులతో ఎత్తి లోపల పెట్టి తలుపు వేశాను. రెండూ నాలుగుకి వ్యాను వెళ్లిపోయింది. ట్యాంకులోకి దిగినవాడికి రాసినట్టే దాని టైము రిజిస్టరులో రాశాను. పైకొచ్చిన టైము గడి ఖాళీగా వదిలేశాను.

సోమవారం నుంచి ఆ మూర్ఖులు నా హెల్మెట్ ముట్టుకుని దిగడం మొదలెట్టారు! వద్దన్నాను, నవ్వారు. మూడో రోజు పదకొండో వాడి చెయ్యి మీద ఒక్కటిచ్చాను.

"ఏందన్నా, గింత దానికే కొడ్తవా?" అన్నాడు జగిత్యాల వెల్డరు, కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ.

కాంట్రాక్టు అయ్యాక విశాఖలో దిగి, రాత్రికి శ్రీకాకుళం చేరాను. పక్కింటివాళ్లు సింగపూర్ ఎలా ఉంటుందని అడుగుతారు. బాగుంటుంది, శుభ్రంగా ఉంటుంది అంటాను. వాళ్లకి అంతే కావాలి.

నాకు మాత్రం ఆ శుక్రవారం కళ్లలోంచి పోదు. ఎత్తినప్పుడు దాని తోక చూశాను. కదల్లేదు. చెవులు చూశాను, నిటారుగా ఉన్నాయి. బోను తలుపు మీద నా వేళ్లు ఉన్నాయి. పంతొమ్మిది మందిలో ఎవర్ని కరిచినా తప్పు లేదు గానీ, నిజంగా కరవాల్సిన చెయ్యి ఇదొక్కటే. పిల్లి ఊచల సందులోంచి ఆ వేళ్లకే తల ఆనించి, గుర్రుగుర్రుమంది.