వెయ్యి నలభై ఇడ్లీలు

మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. గ్రేటర్ నోయిడాలో మా ఇంజినీరింగ్ కాలేజీ లేడీస్ హాస్టల్‌ని నేను ఒంటిచేత్తో ఇడ్లీ పిండిలో ముంచేశాను.

హాస్టల్లో తెలుగమ్మాయిలం ఇరవై మందిమి. పొద్దున లేస్తే పరాఠాలే. మా సీనియర్ లావణ్యక్క వార్డెన్ మేడమ్‌ని కాళ్ళావేళ్ళా పడి ఒక్క ఆదివారం ఇడ్లీకి ఒప్పించింది.

"సజావుగా జరిగితే ప్రతి ఆదివారం ఇడ్లీ. వంటింట్లో గొడవైందో, మళ్ళీ నా దగ్గరకి రావద్దు" అన్నారు మేడమ్.

"ఎవరికి ఎన్ని కావాలో కాస్త లెక్క తీయవే" అంది అక్క నాతో.

నోటితో అడిగినా సరిపోయేది. కానీ నేను అప్పుడే సీ లాంగ్వేజ్ నేర్చుకుంటున్నాను కదా, చేతులు ఊరుకుంటాయా? ప్రోగ్రామ్ రాసేశాను. ఒక్కొక్కరూ వచ్చి నా ల్యాప్‌టాప్‌లో ఒక అంకె నొక్కి వెళ్ళారు. నాలుగు, మూడు, ఐదు, ఇలాగే. మొత్తం వెయ్యి నలభై అని వచ్చింది.

మీరైతే ఇక్కడ ఆగి ఆలోచిస్తారు. నేను ఆగలేదు.

మెస్ భయ్యా కళ్ళు తేలేశాడు. "దీదీ, లడ్కియా తో బీస్ హై నా?" అమ్మాయిలు ఇరవై మందే కదా అని.

"కంప్యూటర్ నే బోలా హై, భయ్యా!" అన్నాను ధీమాగా. కంప్యూటరే చెప్పాక తిరుగుంటుందా!

శనివారం సాయంత్రం రుబ్బించాం. అసలే మే నెల ఎండలు. పొద్దున వంటింటి తలుపు తీసి చూశాం. పిండి గిన్నెల్ని దాటి, గట్టు దిగి, తీరిగ్గా గడప వైపు పాకుతోంది!

"ఏం చేశావే దరిద్రప్పిల్లా!" అని అక్క నెత్తి బాదుకుంది. ఇంతలో మేడమ్ వచ్చి, చూసుకోకుండా చెప్పులతో సహా అందులో కాలు పెట్టారు.

అన్నట్టు, మాకు సీ చెప్పేది కూడా ఆవిడే. "ఆ ప్రోగ్రామ్ ఇలా తే" అని ఒక్క చూపు చూశారు.

"అంకెని అక్షరంగా చదివి అలాగే కూడేశావా? కంప్యూటర్ లెక్కలో అక్షరంగా '4' విలువ నాలుగు కాదు, యాభై రెండు. '0' విలువే నలభై ఎనిమిది. ఒక్కో అమ్మాయికి అన్ని ఇడ్లీలు ఎక్కువేశావు! కూడేముందు ఆ '0' విలువ తీసేయమని క్లాసులో చెప్పలేదూ?"

చెప్పారు. ఆ పూట నేను చివరి బెంచీలో ఇడ్లీల గురించి కలలు కంటున్నాను.

"పిండి అయ్యేదాకా హాస్టలంతా మూడు పూటలా ఇదే" అని తీర్పిచ్చారు మేడమ్. తిన్నాం. మేడమ్ కూడా తిన్నారు. తిని తిని ఆవిడకి రుచి పట్టేసింది. ఆఖరి రోజు నవ్వుతూ వచ్చి, "అచ్ఛా, ఇక ప్రతి ఆదివారం ఇడ్లీయే" అన్నారు.

"వద్దు మేడమ్!" అని ఇరవై మందిమీ ఒక్కసారిగా అరిచాం.

ఆ పూటే వేడి పరాఠా మీద చెయ్యి వేసి, చెయ్యి కాలుతున్నా తీయకుండా, ప్రమాణం చేశాను: ఎవరు ఏ అంకె నొక్కినా, ముందు అందులోంచి '0' తీసేయనిదే ఈ జన్మలో కూడను. ఇడ్లీలైతే వేళ్ళ మీదే లెక్కపెడతాను.