సుజాత మెడలో కొబ్బరి చిప్ప

పొద్దున్నే మన బ్యాచ్ గ్రూపులో ఫోటో చూశాను. రాజోలు ట్యూషన్ మాస్టారి మెడలో బంతిపూల దండ. కింద "మొండి పిల్లలకు ఇంగ్లీషు మీద ఇష్టం పుట్టించిన గురువుగారు" అని రాశారు. మీరంతా వరసపెట్టి దణ్ణాలు పెట్టేశారు. ఒక్కరికైనా ఆ కొబ్బరి చిప్ప గుర్తు రాలేదా?

తెలుగు మాట్లాడితే ఆ చిప్ప మెడలో వేసేవారు. ఇంకొకరు నోరు జారేదాకా తీయడానికి లేదు. చెమటకి పీచు తాడు ఒరుసుకుని మెడంతా మంట. నేను ఇంగ్లీషేం నేర్చుకోలేదు, నోరు మూసుకోవడం నేర్చుకున్నాను.

ఓ వానాకాలం సాయంత్రం మాస్టారి కుర్చీ కింద తాచుపాము కనబడింది. చిప్ప అప్పటికే నా మెడలో ఉంది. అయినా నాకు నోరు పెగల్లేదు. మీరంతా ఇంగ్లీషు వాక్యం కోసం వెతుక్కుంటున్నారు. సుజాత ఒక్కతే అరిచింది.

"మాస్టారండీ, కుర్చీ కింద పామండీ! లెగండి!"

ఆయన ఒక్క గెంతు గెంతారు. పాము గోడవారగా బయటికి పోయింది. ఆయాసం తీరాక ఆయన నా మెడలోని చిప్ప తీసి సుజాత మెడలో వేశారు.

"రూలు రూలేనమ్మా."

మెడ తేలికైందని సిగ్గులేకుండా సంతోషించాను. మర్నాటినుంచి సుజాత ట్యూషన్‌కి రాలేదు.

మాస్టారూ, ఆ పిల్ల తెలుగులో అరవబట్టే, ఇవాళ దండ వేయించుకోవడానికి మీకు మెడ మిగిలింది.