మా వ్యానెక్కిన ఫోన్లు

కారులో చాలాసేపు చార్జింగులో ఉన్న ఫోను వేడెక్కితే ఒక వాసన వస్తుంది, ఎండలో మగ్గిన రెగ్జిను వాసనా కాలీకాలని వైరు వాసనా కలిసినట్టు. ఈమధ్య ధర్మపురి నుంచి సేలం వైపు పోతుంటే, వెనక సీట్లో ఆ వాసన మధ్య ఆట ఆడుకుంటున్న నా కూతురు, వాళ్ళ నాయనమ్మ దగ్గర నుంచి వచ్చిన కాల్‌ను ఈగను తోలినట్టు వేలితో పక్కకు నెట్టేసింది. కసరబోయి ఆగిపోయాను. ఆ మాట అనే నోరు నాకు లేదు.

నేను ఆరో తరగతి చదివే రోజుల్లో, రెండు వేల ఎనిమిది ప్రాంతంలో, మా పల్లెలో కరెంటు ఎప్పుడు పోతుందో అందరికీ తెలుసు, ఎప్పుడు వస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. ఇంటింటికీ కొత్తగా ఒక ఫోను వచ్చి చేరింది గానీ దానికి మేత పెట్టే దారి లేదు. మా నాన్న బీడీ కూడా ముట్టేవాడు కాదు, అయినా మా పాత తెల్ల వ్యానులో సిగరెట్టు వెలిగించుకునేందుకు ఇచ్చిన కన్నానికి బొమ్మిడిలో ఉండే మామ చేత నాలుగు తీగలు లాగించాడు, రెండు సన్న పిన్నువి, రెండు లావు పిన్నువి. అప్పటి నుంచి మా వ్యాను ఎక్కడికి బయలుదేరినా సరే, వీధంతా ఫోన్లు పట్టుకుని వచ్చేది. ప్లాస్టరు ముక్కల మీద తమిళంలో పేర్లు రాసి అంటించి (ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా మాలో ఎవరికీ రాయడం రాదు, నేను పెద్దయ్యాక నేర్చుకున్నాను), అమ్మ వాటిని గుడ్డ పరిచిన పూలబుట్టలో పసిపిల్లల్లా పడుకోబెట్టి, దారి పొడుగునా వంతులవారీగా తీగలు మార్చేది. మేము పెళ్ళికి పోయి వస్తే పెళ్ళికూతురు ఎలా ఉందని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, నాది నిండిందా అనే అడిగేవాళ్ళు.

ఆ ఏడు ఆడి నెల పద్దెనిమిదో రోజున వచ్చే కావేరి పండగకి హొగెనకల్లు జలపాతానికి బయలుదేరాం. బయట ఆడిగాలి దుమ్మెత్తిపోస్తోంది, అమ్మ తెల్లవారకముందే లేచి కలిపిన చింతపండన్నం, నిమ్మకాయ చిత్రాన్నం, ఆవాల పోపు పెట్టిన పెరుగన్నం వేడివేడిగా డబ్బాల్లోకి ఎక్కాయి, తమ్ముడు తలకు రాసిన నూనె అప్పుడే చొక్కా మీదికి కారింది. పక్కింటి సరోజత్త మాకు చుట్టం కాదు, అయినా నన్ను సగం పెంచింది ఆమే. వెల్లిచందైలో వాళ్ళమ్మ నెల రోజులుగా మంచంలో ఉంది, వాళ్ళన్న చూసుకుంటున్నాడు. సరోజత్త ఫోను ముందు రోజే చార్జి అయిపోయి చచ్చిపోయింది. దాన్ని తెచ్చి బుట్టలో వేయకుండా నా చేతిలో పెట్టింది.

“పాపా, మాయన్న చేసినాడంటే ఎత్తి, మూల మీది అంగడి ల్యాండ్‌లైనుకి చెప్పండి. పేరు సదివేది నీకే వస్తుంది, నీకే చెప్తా ఉండాను.”

ఆ పేరు ఆ ఫోనులోకి ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించింది నేనే. పెద్దపని అప్పజెప్పారన్న గర్వంతో తీగ సాగినంత దూరం లాగి ఒళ్ళో పెట్టుకున్నాను. పెట్టుకున్నాక చేతులు ఊరుకుంటాయా? అందులో పాము ఆట ఉంది. ముందు నాన్న పెట్టిన పాటలు హోరెత్తుతున్నాయి, నా పాము అంతకుముందెన్నడూ లేనంత పొడుగైంది. పెన్నాగరం దగ్గరపడేసరికి ఫోను మోగింది. పేరు చూడకుండానే ఎర్ర మీట నొక్కేశాను. రెండోసారి పేరు చూశాను. ఈ ఒక్క ఆట అయ్యాక నాన్నకి చెబుదామనుకుని మళ్ళీ నొక్కాను. మూడోసారి మోగేటప్పటికి భయం పట్టుకుంది, ఇప్పుడు ఎత్తితే ముందు రెండుసార్లు ఎందుకు కట్ చేశావంటారు. నొక్కాను. వచ్చిన కాల్స్ పట్టీ మొత్తం చెరిపేశాను, అదెలా చెరపాలో మా వీధిలో నాకొక్కదానికే తెలుసు.

ఆ తరువాత నీళ్ళలో దిగాను, చేపల వేపుడు తిన్నాను, నవ్వాను కూడా. సాయంత్రం మేము దిగేసరికి సరోజత్త గడప దగ్గరే నిలబడి ఉంది.

“మోగిందా పాపా?”

“లేదత్తా.”

“అయితే అమ్మ బాగుండాదిలే” అని నిండిన ఫోనును కొంగుతో తుడుచుకుంటూ లోపలికి పోయింది. పొద్దు గుంకకముందే వెల్లిచందై నుంచి మోటారు సైకిలు మీద మనిషి వచ్చాడు. మధ్యాహ్నమే ప్రాణం పోయిందట.

మరుసటి రోజు మేమూ పోయాం. శవం పక్కనే వాళ్ళన్న అందరి ముందూ అరిచాడు. “మూడు తూర్లు చేస్తిని, మూడు తూర్లూ కట్ చేస్తివి. నీ పేరే కలవరిస్తా పోయింది అమ్మ.”

సరోజత్త నా భుజం పట్టుకుని ముందుకు లాగింది. “నా ఫోను మోగనే లేదు. ఈ బిడ్డ చేతిలోనే ఉండింది. ఈ బిడ్డ అబద్ధం చెప్పదు. చెప్పు పాపా.”

అంతమంది నన్నే చూస్తున్నారు. మోగలేదని తలూపాను.

ఫోను చేయకుండానే చేశానంటున్నాడని ఆమె, కట్ చేసి బొంకుతోందని ఆయన. అన్న పంపిన పండగ చీర రెండేళ్ళు తిరిగి పోయింది, మూడో ఏడు నుంచి రాలేదు. ఆమె మళ్ళీ పుట్టింటి గడప తొక్కలేదు. కిందటేడు వాళ్ళన్న చనిపోయాడని కబురు వచ్చినప్పుడు కూడా పోలేదు. ఇవన్నీ మా అమ్మ ఫోనులో చెబుతుంటే అయ్యో అంటూ విన్నాను.

ఆ ప్రయాణంలోనే సేలం నుంచి తిరిగి వస్తూ కారు మా పల్లెకి తిప్పమన్నాను. సరోజత్త వంటింట్లో పీట మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చెప్పేశాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

“మూడు తూర్లు చేసినాడా మాయన్న?”

“అవునత్తా.”

“నిజంగా చేసినాడా?”

కొంగు మొహాన కప్పుకుని ఏడ్చింది. నన్ను తిట్టి ఉంటే కొంచెమైనా తేలికపడేదాన్ని.

ఇప్పుడు ఆ కరెంటు కోతలు లేవు, వ్యాను అమ్మేశాం, తన ఫోనును ఇంకొకరి చేతిలో పెట్టి నమ్మకంగా ఇంటికి పోయేవాళ్ళు లేరు. ఆ తరువాత రెండుసార్లు సరోజత్తను చూసి వచ్చాను. ఇదివరకైతే నేను అడగకుండానే నేరుగా వంటింట్లోకి పోయి గిన్నెల మూతలు ఎత్తి చూసేదాన్ని. ఇప్పుడు నేను కనబడగానే ఆమె వసారాలోకి కుర్చీ తెచ్చి, కొంగుతో దుమ్ము తుడిచి, కూర్చోమంటోంది. కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి వచ్చేస్తున్నాను.