సిమోన్‌ని ఏ కాలేజీకి పంపాలి?

చిన్నప్పుడు అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో మా పక్కిల్లు డెనీస్ ఆంటీ వాళ్లది... నల్లజాతి కుటుంబం. ఆంటీ నర్సు, కర్టిస్ అంకుల్ ఇంజనీరు. వాళ్లమ్మాయి సిమోన్ నాకంటే నాలుగేళ్లు పెద్దది.

సిమోన్‌కి కాలేజీలు వెతికేటప్పుడు ఓసారి ఓ పేరున్న యూనివర్సిటీకి నన్నూ వెంట తీసుకెళ్లారు. అంకుల్ గైడు వెనకాల తిరుగుతూ లైబ్రరీ, ల్యాబులు చూశారు. ఆంటీ మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని డైనింగ్ హాల్‌లోనే ఉండిపోయారు.

"ఏం చూస్తున్నారు ఆంటీ?"

"మా పిల్లలు ఎవరితో కూర్చుని తింటున్నారో చూస్తున్నా."

చాలాసేపు చూశారు... నల్లపిల్లలంతా ఓ మూల బల్ల దగ్గరే ఉన్నారు. ఆంటీ కాఫీ వదిలేసి లేచారు.

మా ఇంట్లో కాలేజీ అంటే ర్యాంకే. నాన్న ఫెన్స్ దగ్గర నిలబడి అంకుల్‌కీ అదే చెప్పారు. "ర్యాంక్ చూడండి, మిగతాదంతా అదే సెట్ అయిపోతుంది." ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు.

సిమోన్‌కి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి ఆ పేరున్న యూనివర్సిటీ. రెండోది నల్లజాతి పిల్లల కోసం ఏనాడో పెట్టిన కాలేజీ, అంకుల్ చదివింది అక్కడే. విచిత్రం, అంకులే వద్దన్నారు!

"ఇంటర్వ్యూల్లో నా కాలేజీ పేరు చూసి ఎంతమంది మొహం చిట్లించారో నాకు తెలుసు. నా కూతురికి ఆ పాట్లు వద్దు."

"నేను చదివింది పెద్ద యూనివర్సిటీలోనే కదా... ఆ నాలుగేళ్లు ఎలా గడిచాయో నన్నడుగు" అన్నారు ఆంటీ.

చివరికి అంకుల్ మాటే నెగ్గింది.

మొదటి సెమిస్టర్‌లోనే, సిమోన్‌ని తన హాస్టల్ గుమ్మంలోనే పోలీసులు ఆపారు. ఎవరో బయటి మనిషి లోపలికొస్తోందని ఓ అమ్మాయి ఫోన్ చేసిందట. ఐడీ కార్డు చూపించినా వినకుండా, అందరి ముందూ మెట్ల మీద కూర్చోబెట్టారు.

థాంక్స్‌గివింగ్ పండగ సెలవులకి ఇంటికొచ్చింది. అమ్మ పంపిన పులిహోర గిన్నెతో నేనూ అక్కడే ఉన్నాను. "వచ్చేయ్ తల్లీ, మా కాలేజీలో మాట్లాడతాను" అన్నారు అంకుల్.

"ఇప్పుడొచ్చేస్తే చదవలేక పారిపోయిందంటారు డాడీ..."

నాలుగేళ్లూ సిమోన్ అక్కడే పంటిబిగువున చదివింది. మంచి ఉద్యోగం వచ్చింది. మా నాన్నయితే "చూశావా, ర్యాంక్!" అన్నారు.

ఇప్పుడు అంకుల్ లేరు. సిమోన్‌కి కొడుకు పుట్టాడు. వాడికింకా పళ్లయినా రాలేదు... ఏ కాలేజీకి పంపాలా అని తను అప్పుడే భయపడుతోంది.

పిల్లల్ని చదువుకి పంపేటప్పుడు మీలో ఎవరికైనా ఇలాంటి భయం వేసిందా? రాయండి... సిమోన్‌కి చదివి చెబుతాను.